ఇథియోపియాలో చవక హోటల్లో దిగడం: విశాఖ నుంచి వెళ్ళేవాళ్ళ కోసం

రాజధాని అడిస్ అబాబాలో గానీ హవాసా లాంటి ఊళ్ళో గానీ చవక హోటల్ బాగుందా లేదా అన్నది మూడింటితో తేలిపోతుంది. కుళాయిలో నీళ్ళొస్తాయా, కరెంటు పోతే ఏం చేస్తారు, రాత్రి నిద్ర పడుతుందా. ఈ మూడూ ఇంటర్నెట్‌లో ఫొటోలు చూస్తే తెలిసేవి కావు. అందుకని గది చూశాకే డబ్బు కట్టాలి. అక్కడ గది చూపించమని అడగడం మామూలే, ఎవరూ ఏమీ అనుకోరు. రెండు మూడు గదులు చూపించమన్నా తాళాలు పట్టుకుని వెంట వస్తారు.

విశాఖ నుంచి ఆ దేశం వెళ్ళేవాళ్ళలో యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పడానికి ఒప్పందం మీద వెళ్ళే లెక్చరర్లుంటారు, వ్యాపారం పనుల మీద వెళ్ళేవాళ్ళుంటారు, కొండలూ పాత చర్చిలూ చూడ్డానికి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. క్వార్టర్సు ఇచ్చేదాకానో అద్దె ఇల్లు దొరికేదాకానో లెక్చరర్లు వారాల తరబడి హోటల్లోనే ఉండాల్సి రావచ్చు. ఒక్క రాత్రి సర్దుకుపోయే లోటుతో నెల గడపలేం. ముఖ్యంగా వాళ్ళని దృష్టిలో పెట్టుకునే ఇదంతా.

బయల్దేరే ముందు

మొదటి పని ఎల్లో ఫీవర్ టీకా. ఇథియోపియా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ వాళ్ళు ఈ టీకా వేస్తారు. ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని వెళ్ళాలి. వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుబాటులోకి వస్తుంది. టిక్కెట్టు చేతికొచ్చాక పరుగెత్తితే ఆ పది రోజులు దొరకవు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. పాస్‌పోర్టు నంబరు కార్డు మీద సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోండి.

తర్వాత చలి. విశాఖ ఉక్కపోతలో ఉన్నవాళ్ళకి ఇది ఊహకందదు. లంబసింగి ఎత్తు సుమారు 1,000 మీటర్లు. అడిస్ అబాబా 2,300 మీటర్ల పైన. నవంబరు, డిసెంబరు రాత్రుల్లో పది డిగ్రీల కిందికి దిగుతుంది, చవక హోటళ్ళలో హీటరు ఉండదు. లంబసింగికి తీసుకెళ్ళే స్వెట్టరు, సాక్సులు అక్కడా కావాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. ఆ నెలల్లో ఉతికిన జీన్స్ ఆరడానికి రెండు రోజులు పట్టొచ్చు, అందుకని తొందరగా ఆరే పల్చటి బట్టలు ఎక్కువ పెట్టుకోండి.

సామాన్లలో మర్చిపోకూడనిది ఒక ప్లాస్టిక్ మగ్గు. చవక హోటళ్ళ బాత్రూముల్లో చాలావాటిలో మగ్గూ ఉండదు, హ్యాండ్ షవరూ ఉండదు. టాయిలెట్ కాగితం ఒక్కటే ఉంటుంది, అది కూడా అడిగితేనే ఇస్తారు. దాన్ని అక్కడ ‘సోఫ్ట్’ అంటారు. పైపులు సన్నవి, కాగితం కమోడ్‌లో వేస్తే పూడుకుపోతాయి, పక్కనున్న బుట్టలో వెయ్యాలి. రబ్బరు చెప్పులు, టార్చి, పవర్ బ్యాంకు, చిన్న తాళం కప్ప, ఒక పల్చటి దుప్పటి, ఒక తలగడ గలీబు కూడా పెట్టుకోండి.

అక్కడి గోడ సాకెట్లు యూరప్ తరహావి, రెండు గుండ్రటి రంధ్రాలుంటాయి. కరెంటు 220 వోల్టులు, దాదాపు మనలాగే. మన ఫోన్ ఛార్జరు రెండు పిన్నులు చాలావాటిలో పడతాయి గానీ వదులుగా ఊగుతుంటాయి. ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్గు అసలు పట్టదు. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవడం మంచిది.

రైస్ కుక్కరు, ఇండక్షన్ పొయ్యి మాత్రం మోసుకెళ్ళొద్దు. చవక హోటల్ వైరింగు ఆ లోడు తట్టుకోదు, ఫ్యూజు పోతే అంతస్తంతా చీకటి. పైగా ఆ ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి అన్నం ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఇంటి కొలతతో వండితే మెతుకు లోపల పలుకు మిగులుతుంది. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి చాలు. వీటిని బాగా మూత బిగించి, కవర్లో చుట్టి, చెక్-ఇన్ లగేజీలో పెట్టండి.

ఆంధ్రా యూనివర్సిటీలో ఇథియోపియా విద్యార్థులు చాలా ఏళ్ళుగా చదువుకుంటున్నారు. వాళ్ళలో ఎవరైనా పరిచయముంటే దిగబోయే హోటల్ పేరు, పేట పేరు, ‘నేను మాంసం తినను’, ‘వేడినీళ్ళు ఉన్నాయా’ వంటి నాలుగైదు మాటలు అక్కడి భాష అమ్హారిక్‌లో, ఆ లిపిలోనే ఒక కాగితం మీద రాయించుకోండి. అడిస్‌లో ఇంటి నంబరుతో చిరునామా వెతకడం పనికిరాదు. చర్చి పేరో, కూడలి పేరో చెప్పి, తర్వాత డ్రైవరు చేత హోటల్‌కి ఫోన్ చేయించడమే పద్ధతి. అందుకని హోటల్ ఫోన్ నంబరు కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో మాత్రమే ఉంటే ఛార్జింగు అయిపోయినప్పుడు చిక్కు.

ఏ ఊరు, ఏ పేట

అడిస్‌లో ఒకటి రెండు రాత్రులైతే బోలే వైపు ఉండండి, విమానాశ్రయం దగ్గర. అడిస్ అబాబా యూనివర్సిటీ పని ఉంటే సిదిస్త్ కిలో, అరత్ కిలో చుట్టుపక్కల. పాత గైడ్ పుస్తకాల్లో చవక గదులకి పియాసా, కజాంచిస్ పేర్లు కనిపిస్తాయి. 2024లో రోడ్ల వెడల్పు పనుల్లో ఆ రెండు పేటల్లోనూ చాలా కట్టడాలు కూల్చేశారు. కాబట్టి పాత చిరునామా నమ్ముకుని టాక్సీ ఎక్కకండి, ఫోన్ చేసి హోటల్ ఇంకా ఉందో లేదో తేల్చుకోండి.

అడిస్‌లో మలేరియా లేదు. హవాసా (సుమారు 1,700 మీటర్లు), బహర్ దార్ (1,800), దిరె దావా (1,200) ఊళ్ళలో ఉంది. అక్కడ గదిలో దోమతెర ఉందా, చిరుగులున్నాయా చూడాలి. మలేరియా మాత్రలు వాడాలా అన్నది ఇక్కడి డాక్టరుని అడిగి వెళ్ళండి.

బహర్ దార్, గోందర్, లాలిబెలా ఉన్న అమ్హారా ప్రాంతంలో 2023 ఆగస్టు నుంచి సైన్యానికీ, ఫానో అనే స్థానిక సాయుధ దళాలకీ పోరు నడుస్తోంది. గది బుక్ చేసుకునే ముందు అడిస్‌లోని భారత రాయబార కార్యాలయం సూచనలు చదవాలి. వెళ్ళక తప్పనివాళ్ళు రోడ్డు వదిలి విమానంలో వెళ్ళాలి. చవక బస్సు టిక్కెట్టు కోసం ఇక్కడ సాహసం చెయ్యొద్దని గట్టిగా చెప్తున్నాం.

జనవరి 7న వాళ్ళ క్రిస్మస్‌కి లాలిబెలాలో, జనవరి 19 తిమ్కెత్ పండక్కి గోందర్‌లో గదుల రేట్లు ఎగబాకుతాయి. ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ శిఖరాగ్ర సమావేశం జరిగే రోజుల్లో అడిస్‌లోనూ అంతే.

పెన్షన్, బునా బెత్, హోటల్

బోర్డు మీద ‘పెన్షన్’ అని ఉంటే గదులు మాత్రమే ఇచ్చే చోటు. తిండి ఉండదు, సందడీ తక్కువ, నిద్రకి ఇదే నయం. ‘బునా బెత్’ అంటే కాఫీ ఇల్లు. ముందు కాఫీ, బీరు అమ్మే గది, వెనక వరసగా చిన్న గదులు. అన్నిటికంటే చవక, అన్నిటికంటే గోల. ఒంటరి ఆడవాళ్ళు, కుటుంబాలు దీని జోలికి పోకపోవడం మంచిది. హోటల్ అంటే కింద రెస్టారెంటు, పైన గదులు. తెలియని ఊళ్ళో మొదటి రాత్రికి హోటలే తీసుకోండి, రెండో రోజు నడిచి తిరిగి పెన్షన్లు చూసుకోవచ్చు.

చాలాచోట్ల ‘సింగిల్’ అంటే ఒకే వెడల్పాటి మంచం ఉన్న గది, ‘డబుల్’ అంటే రెండు మంచాలున్న గది. ఇద్దరు మగవాళ్ళు ఖర్చు కలిసొస్తుందని ఒకే మంచం ఉన్న గది అడిగితే చాలాచోట్ల ఇవ్వరు. స్వలింగ సంబంధాలు అక్కడి చట్టం ప్రకారం నేరం, హోటళ్ళవాళ్ళు ఆ విషయంలో పట్టింపుగా ఉంటారు. ‘హులెత్ అల్గా’, అంటే రెండు మంచాలు, అని అడగండి.

గది చూసే పద్ధతి

రిసెప్షన్‌లో ‘అల్గా అలే?’ అంటే గది ఉందా అని. ధరకి ‘సింత్ నెవ్?’. ఆ తర్వాత తాళం తీయించుకుని నేరుగా బాత్రూములోకి వెళ్ళండి, మంచం సంగతి తర్వాత చూడొచ్చు.

కుళాయి పూర్తిగా తిప్పి ఒక నిమిషం వదలండి. మొదట ధారగా వచ్చి తర్వాత సన్నబడితే పైపులో నిలిచిన నీరు అయిపోయిందన్నమాట. ఫ్లష్ నొక్కి, ట్యాంకు మళ్ళీ నిండుతున్న చప్పుడు వినపడుతుందేమో చూడండి. అడిస్‌లో పురపాలక నీళ్ళు పేటల వంతున వదులుతారు, కొన్నిచోట్ల వారానికి కొన్ని రోజులే వస్తాయి. మంచి హోటలంటే మేడమీద పెద్ద ట్యాంకులు పెట్టుకున్నది. బాత్రూములో నిండా నీళ్ళున్న డ్రమ్ము కనిపిస్తే భయపడక్కర్లేదు. నీళ్ళు ఆగుతాయని తెలిసి ముందుజాగ్రత్త పడ్డారు. కుళాయి పొడిగా ఉండి, డ్రమ్మూ లేకపోతే ఆ హోటల్ వదిలెయ్యండి. బకెట్ కావాలంటే ‘బాల్దీ’ అనండి, ఇస్తారు.

మొదటి అంతస్తు గానీ రెండో అంతస్తు గానీ అడగండి. మేడమీది ట్యాంకుకి దగ్గరగా ఉన్న పై అంతస్తులో నీటి ఒత్తిడి చాలదు, షవరు బొట్లుబొట్లుగా కారుతుంది. కరెంటు పోతే లిఫ్టు ఆగిపోతుంది, సముద్రమట్టం నుంచి వచ్చిన మనకి ఆ ఎత్తులో పెట్టెతో అయిదంతస్తులు ఎక్కడం మొదటి మూడు రోజులూ ఆయాసమే. గ్రౌండ్ ఫ్లోరులో బారు చప్పుడు.

రిసెప్షన్‌లో ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: జనరేటర్ నడిచేటప్పుడు నీళ్ళ పంపు నడుస్తుందా? చిన్న హోటళ్ళలో జనరేటర్ లైట్లకీ ఫ్రిజ్‌లకీ మాత్రమే. పంపు నడవకపోతే, కరెంటు లేని రోజు మధ్యాహ్నానికల్లా మేడమీది ట్యాంకు ఖాళీ. ‘మెబ్రాత్ యెల్లెమ్’ అంటే కరెంటు లేదు, ‘వుహా యెల్లెమ్’ అంటే నీళ్ళు లేవు. ఈ రెండు మాటలూ వినపడగానే ఉన్న నీళ్ళు బకెట్లో పట్టేసుకోండి.

ఇప్పుడు మంచం. దుప్పటి మూల ఎత్తి, పరుపు అంచు కుట్టు వెంట టార్చి వేసి చూడండి. నల్లటి చిన్న చుక్కలు, ఎండిన రక్తం మరకలు ఉంటే నల్లులున్నట్టే. ఆ గదే కాదు, దాని పక్క గది కూడా వద్దనండి. ఇంకో కంబళి కావాలంటే ‘బిర్డ్ లిబ్స్’. రాత్రి చలి మొదలయ్యాక అడిగితే స్టోరు తాళాలున్న మనిషి ఇంటికెళ్ళిపోయి ఉంటాడు, సాయంత్రమే అడిగి పెట్టుకోండి.

తలుపు లోపలి గడియ, కిటికీ కొక్కెం పనిచేస్తున్నాయా చూసి, తలుపు మూసి ఒక నిమిషం నిశ్శబ్దంగా నిలబడండి. కిందనుంచి పాటల చప్పుడు పగలే వినిపిస్తుంటే శుక్ర, శనివారాల రాత్రి అది రెట్టింపవుతుంది. చర్చి పక్కన ఉంటే పండగ రోజుల్లో తెల్లవారకముందే మైకులో ప్రార్థనలు మొదలవుతాయి. రోడ్డు వైపు కాకుండా వెనక గది అడగండి, కానీ కిటికీ కిందే జనరేటర్ లేదని చూసుకుని.

వేడినీళ్ళ సంగతి

‘ముక్ వుహా అలే?’ అని అడిగితే ఎప్పుడూ ఉందనే అంటారు. ఏ రకంగా ఉందో చూడాలి. ఎక్కువగా కనిపించేది గోడకి బిగించిన బాయిలరు, స్విచ్ బాత్రూము బయట ఉంటుంది. 50 లీటర్ల బాయిలరులో చల్లటి నీళ్ళు కాగడానికి గంటకి పైగా పడుతుంది. పనిమనుషులు కరెంటు ఆదా కోసం గది ఖాళీ అయినప్పుడల్లా స్విచ్ తీసేస్తారు. కాబట్టి గదిలో దిగగానే వెయ్యండి, ఎర్రలైటు వెలిగిందా చూడండి. షవరు కింద పది నిమిషాల్లో అది అయిపోతుంది. బకెట్లో పట్టుకుని చన్నీళ్ళు కలుపుకుంటే ఇద్దరికి సరిపోతుంది. జనరేటర్ మీద బాయిలర్లు పనిచెయ్యవు.

షవరు తలకే హీటరు బిగించినది రెండో రకం. నీళ్ళు సన్నగా వదిలితే వేడిగా, ధారగా వదిలితే గోరువెచ్చగా వస్తాయి. ఎర్తింగ్ సరిగా లేనిచోట తడి చేత్తో ముట్టుకుంటే జివ్వుమంటుంది. ముందు స్విచ్ వేసి, నీళ్ళలోకి దిగాక షవరు తలని, లోహపు కుళాయిని తాకకండి. వైర్లు బయటికి కనిపిస్తుంటే ఆ గది వద్దు. సోలార్ ఉన్నచోట సాయంత్రం స్నానం చెయ్యాలి, పొద్దుటికి చల్లారిపోతుంది.

గడియారం ఆరు గంటలు తేడా

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలైనట్టే, ఇథియోపియాలో గంటల లెక్క కూడా పొద్దుపొడుపు నుంచే మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్ళకి ఒంటిగంట. మధ్యాహ్నం పన్నెండు వాళ్ళకి ఆరు. రిసెప్షన్‌లో ‘టిఫిను ఒంటిగంట నుంచి నాలుగు దాకా’ అన్నారంటే ఉదయం ఏడు నుంచి పది. ‘ఆరింటికి గది ఖాళీ చెయ్యాలి’ అంటే మధ్యాహ్నం పన్నెండుకి. ‘బస్సు పదకొండుకి’ అంటే తెల్లవారుజాము అయిదు. దూరప్రయాణం బస్సులు నిజంగానే ఆ వేళకి బయల్దేరతాయి, రాత్రి పదకొండనుకుని వెళ్తే బస్టాండు ఖాళీగా ఉంటుంది.

ఏ సమయం చెప్పినా ‘హబెషా గంటా, ఫెరెంజ్ గంటా?’ (ఇథియోపియా లెక్కా, విదేశీయుల లెక్కా) అని అడిగి, అంకె కాగితం మీద రాయించుకోండి. విమానం టిక్కెట్ల మీద మాత్రం మనం వాడే లెక్కే ఉంటుంది. ఇక ఇథియోపియా సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. మొదటి రోజుల్లో తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తే అదే కారణం.

క్యాలెండరూ వేరు. పదమూడు నెలలు, మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక, కొత్త సంవత్సరం సెప్టెంబరు 11న. ఫోన్‌లో గది చెప్పుకునేటప్పుడు తేదీతో పాటు వారం కూడా చెప్పండి. చేత్తో రాసిన రసీదు మీద వాళ్ళ తేదీ ఉండొచ్చు. ఆఫీసులో ప్రయాణ ఖర్చులు పెట్టుకోవాల్సినవాళ్ళు పక్కన మన తేదీ రాయించి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే ఇక్కడి అకౌంట్స్ సెక్షన్‌లో బిల్లు ఆగుతుంది.

శాకాహారులకి

శాకాహారులకి ఇథియోపియా అనుకున్నదానికంటే మంచి దేశం. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో, ఈస్టరుకి ముందు 55 రోజులు మాంసం, పాలు, గుడ్లు, నెయ్యి ముట్టరు. ఆ ఉపవాసాన్ని ‘త్సోమ్’ అంటారు. ఆ రోజుల్లో ఏ హోటల్లోనైనా ‘త్సోమ్ బెయాయ్నెతూ’ అడిగితే పెద్ద ఇంజెరా మీద పప్పు, శనగపిండి షిరో, ఆకుకూర, క్యాబేజీ, బీట్‌రూట్ వడ్డించి తెస్తారు. ఇంజెరా అంటే తెఫ్ అనే చిరుధాన్యం పిండి పులియబెట్టి పోసిన అట్టు, పుల్లగా ఉంటుంది. చేత్తోనే తినాలి, కుడిచేత్తో.

మిగతా రోజుల్లో షిరోలో ‘కిబే’ అనే మసాలా నెయ్యి వేస్తారు. నెయ్యి తినేవాళ్ళకి ఇబ్బంది లేదు. ‘బోజెనా షిరో’లో మాత్రం మాంసం ఉంటుంది, పేరు చూసి మోసపోవద్దు. ‘సిగా అల్బెలామ్’ అంటే మాంసం తినను. ఈస్టరు తర్వాత 50 రోజులు బుధ, శుక్రవారాల ఉపవాసం ఉండదు కాబట్టి ఆ వారాల్లో బెయాయ్నెతూ అన్నిచోట్లా దొరకదు. పెరుగుని ‘ఎర్గో’ అంటారు, ఉపవాసం లేని రోజు దొరుకుతుంది.

కుళాయి నీళ్ళు తాగొద్దు, పళ్ళు తోముకోడానికి కూడా సీసా నీళ్ళే. సీసా మూత సీలు మీ ఎదుటే తెగాలి. ‘అంబో’ అంటే గ్యాసు ఉన్న నీళ్ళు, మామూలు నీళ్ళనుకుని కొనకండి. ఎత్తు వల్ల గొంతు ఎండుతుంది, తలనొప్పి వస్తుంది. మొదటి రెండు రోజులు దాహం లేకపోయినా నీళ్ళు తాగుతుండండి, బరువులు మొయ్యకండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

డబ్బు

ఫోన్‌పే, గూగుల్ పే మీద ఆశ పెట్టుకోవద్దు, రూపే కార్డూ అంతే. వీసా కార్డు పెద్ద బ్యాంకుల ఏటీఎంలలో పనిచేస్తుంది, కానీ నెట్‌వర్క్ లేకపోతే మిషను డబ్బివ్వదు. డాలర్లు నోట్ల రూపంలో తీసుకెళ్ళండి. ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా నగదు రిజర్వ్ బ్యాంకు అనుమతిస్తుంది. మడతలు, పెన్ను గీతలు లేని కొత్త నోట్లు అడిగి తీసుకోండి, పాతవి అక్కడ తిప్పికొడతారు.

2024 జూలై చివర్లో అక్కడి కరెన్సీ బిర్ విలువని మార్కెట్‌కి వదిలేశారు. అంతకుముందు డాలరుకి సుమారు 57 బిర్లుండేది, తర్వాత కొద్దిరోజుల్లోనే వంద దాటింది. కాబట్టి అంతకుముందు రాసిన ఏ ధరా ఇప్పుడు లెక్కలోకి రాదు. బ్యాంకులోనే మార్చుకోండి, రసీదు దాచుకోండి. వీధిలో మార్చడం చట్టవిరుద్ధం.

ధర అడిగినప్పుడు పన్ను కలిపా, కలపకుండానా అని వెంటనే అడగాలి. సర్వీస్ ఛార్జి 10 శాతం, దానిమీద వ్యాట్ 15 శాతం వేస్తే 1,000 బిర్ల గది 1,265 అవుతుంది. విదేశీయులకి వేరే రేటు పెట్టే హోటళ్ళున్నాయి. గొడవపడితే తగ్గదు, వారం ఉంటానంటే తగ్గుతుంది. అయినా ముందు ఒక్క రాత్రికే కట్టండి. పొద్దున్నే నీళ్ళూ నిద్రా చూసుకుని మిగతా రోజులకి బేరం పెట్టండి. పాస్‌పోర్టు రిజిస్టరులో రాసుకోగానే వెనక్కి తీసుకోండి. ఉంచమంటే జిరాక్సు కాపీ ఇవ్వండి.

ఖాళీ చేసే ముందు రాత్రే ‘హిసాబ్’ అడిగి బిల్లు తేల్చుకోండి. తెల్లవారుజామున డ్యూటీలో ఉండే కుర్రాడి దగ్గర చిల్లర ఉండదు, కార్డు మిషను తాళం వేసి ఉంటుంది. ఉతకడానికిచ్చిన బట్టలు అప్పటికే చేతికొచ్చి ఉండాలి. విమానాశ్రయానికి టాక్సీ యాప్‌లో పిలవొచ్చు, లేదా రిసెప్షన్‌లో చెప్పి పెట్టొచ్చు, గంట ఏ లెక్కలోదో రాయించుకుని. బోలేలో లోపలికి వెళ్ళేముందే తనిఖీ వరసలుంటాయి కాబట్టి మూడు గంటలు ముందు చేరాలి. మిగిలిన బిర్లు విశాఖలో ఎవరూ మార్చరు. హోటల్ బిల్లుకి, టాక్సీకి, కాఫీ గింజలకి సరిపెట్టి ఖర్చు చేసెయ్యండి.